ఇరవై రెండు చుట్లు

రత్నమాల బావిగడ్డ బస్తీ మొగదల ఆటో దిగేసరికి ఉదయం అయిదూ పది. వాల్వు తిప్పే వేళ అయిదున్నర. దొంగెవరో తేలాల్సిన గడువు మధ్యాహ్నం పన్నెండు.

ఆవిడకి యాభై మూడేళ్లు. చీర కింద కాన్వాసు బూట్లు వేసుకుంటుంది, ఎండ లేకపోయినా గొడుగు పట్టుకుంటుంది. అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటరు పైగదిలో డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. సాఫ్ట్‌వేర్ పెళ్లికొడుకులు చెప్పే కంపెనీలు ఉన్నాయో లేవో, అబ్బాయి నిజంగా ప్రాజెక్టులో ఉన్నాడో బెంచి మీద గోళ్లు గిల్లుకుంటున్నాడో కనుక్కోవడమే ఆవిడకి అన్నం పెట్టే పని. సంబంధం కుదిరినవాళ్లు శుభలేఖ పంపిస్తారు. ఆ శుభలేఖ వెనక ఖాళీలో తర్వాతి కేసు టైములు రాసుకుంటుంది. కాగితం పారేయడం తమ తెనాలి వాళ్లకి చేతకాదని ఆవిడ నమ్మకం.

అలాంటి మనిషి ఈ పంజగుట్ట బస్తీ నీళ్ల గొడవలో తలదూర్చడానికి కారణం లచ్చమ్మ. ఎనిమిదేళ్లుగా ఆ పైగది ఊడ్చి, తుడిచి, టీ పెట్టి, "జర కండ్లకు రెస్టియ్యమ్మా" అని డిటెక్టివునే కసిరే హక్కు సంపాదించుకుంది. నిన్న సాయంత్రం చీపురు మూలన పెట్టేసి రత్నమాల రెండు చేతులూ పట్టుకుంది. "మా ఆయన దొంగ కాదమ్మా. గంత మాట మీరు చెప్తె చాలు" అంది.

లచ్చమ్మ భర్త రాజనర్సయ్య నీళ్ల ఆఫీసులో వాల్వుమన్. రోజు విడిచి రోజు పొద్దున్నే మెయిన్‌రోడ్డు పక్క గుంతలో ఉన్న వాల్వు తిప్పి, బస్తీలోని అరవై ఇళ్లకీ గంటసేపు నీళ్లు వదులుతాడు. ఈ ఇరవై రోజుల్లో పది వంతులు నీళ్లు రావాలి. తొమ్మిది వంతులు నల్లాలు బుస్సుమని గాలి వదిలి ఊరుకున్నాయి. అదే రోజుల్లో రోడ్డవతల హాస్టళ్ల సంపులు నిండి పొర్లాయి. దాంతో రాజనర్సయ్య బస్తీ నీళ్లు హాస్టళ్లకి మళ్లించాడన్న మాట పుట్టింది. అతని ఇల్లూ ఆ బస్తీలోనే, అతని నల్లా కూడా ఎండే ఉంది. ఆ సంగతి ఒక్కరికీ గుర్తురాలేదు.

ఆఫీసువాళ్ల ఉత్తర్వు ముక్కుసూటిగా ఉంది. ఇవాళ పన్నెండు లోపు దోషి తేలాలి. తేలితే అతని మీద కేసు పెడతారు. తేలకపోతే తేలేదాకా బస్తీ లైనుకి సీలు వేసి ట్యాంకర్లతో సరిపెడతారు. రాజనర్సయ్య రిటైర్మెంటు ఆగస్టులో. ముప్పై ఏళ్ల సర్వీసు మూడు నెలల ముందు దొంగతనం కేసుతో ముగుస్తుందేమోనని లచ్చమ్మ భయం.

బస్తీ మొగదల ట్యాంకరు కోసం బిందెల వరస అప్పుడే సాగి ఉంది. మనుషులు ఇళ్లలో ఉన్నారు, వాళ్ల వంతు బిందెలు కాస్తున్నాయి. ఒక్క స్టీలు బిందె మాత్రం వరసలో లేదు. పది గజాల దూరంలో గోడ వార పక్కకి పడి ఉంది. అడుగున 'లచ్చమ్మ' అని చుక్కలతో కొట్టించిన పేరు కనబడుతోంది. రత్నమాల దాన్ని నిలబెట్టింది.

"గా బిందె ముట్టుకోకుండ్రి" అంటూ భూలక్ష్మి లేచింది. వరసలో మొదటి బిందె ఆమెదే, బస్తీలో మొదటి గొంతూ ఆమెదే. "దొంగింటి బిందెకు లైనుల జాగ లేదు."

"నేనూ దొంగ కోసమే వచ్చానమ్మా. నీళ్లు రాని రోజులు చెప్పగలవా?"

"నోటికున్నయ్. ఏప్రిల్ ముప్పై నుంచి నిన్నగాక మొన్న పద్దెనిమిది దాకా పది వంతులు. ఒక్క పన్నెండో తారీకు నాడు తప్ప అన్నీ ఎండుడే."

రత్నమాల పెన్ను ఆగింది. "పన్నెండున ఎందుకు వచ్చాయి?"

"ఏమో. గా దినం మా దివ్యశ్రీ లగ్గం. పిల్లకు నలుగు పెట్టి తానం పొయ్యాలె. ట్యాంకరోడు రాలె. నేను నెత్తి పట్టుకొని కూసున్న. అయిదున్నరకు నల్లా ఇప్పితె దబదబ నీళ్లు! గంటసేపు ఇడువకుంట వచ్చినయ్. పద్నాలుగు నుంచి మళ్లా షురూ."

"పెళ్లికూతురి స్నానానికి నీళ్లు వదిలిన దొంగ అన్నమాట."

ఆ కోణం భూలక్ష్మికి ఇప్పుడే తట్టినట్టుంది. రత్నమాల శుభలేఖ వెనక 'పన్నెండు - పెళ్లి' అని రాసి రెండు గీతలు కొట్టింది. హాస్టళ్లకి నీళ్లు అమ్ముకునేవాడికి దివ్యశ్రీ పెళ్లితో పని లేదు. ఈ దొంగ బస్తీ మంచిచెడ్డలు ఎరిగిన మనిషి.

అయిదూ ఇరవైకి ఆఫీసు జీపు వచ్చి ఆగింది. అందులోంచి వాల్వు తిప్పే నాలుగడుగుల ఇనప చావి పట్టుకుని చక్రపాణి దిగాడు. విజిలెన్సు అధికారి. ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు రంగుల పెన్నులు. రత్నమాలకి స్వయానా మరిది. అన్న పోయినప్పటినుంచి ప్రతి ఆదివారం వదినగారింట్లో భోజనం చేసి, ప్రతి సోమవారం ఆవిడ వృత్తిని వెక్కిరించడం అతని అలవాటు.

"ఏంటి వదినా ఇక్కడ? పెళ్లికొడుకు ఎవడైనా గుంతలో పడ్డాడా?"

"పడితే నీకంటే ముందు నేనే తీసేదాన్ని. వాల్వు చావి నీ చేతిలో ఎందుకుంది?"

"పదిహేనో తారీకు నుంచి ఆఫీసు బీరువాలో పెడుతున్నాం. పొద్దున అయిదింటికి ఇస్తాం, ఏడింటికి తీసుకుంటాం. ఇవాళ నేనే తెచ్చాను. అంతకుముందు ఆ రాజనర్సయ్య ఇంట్లో తలుపు వెనక ఉండేదట. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను."

"శభాష్. మీవాళ్లు ఎన్నిసార్లు తనిఖీకి వచ్చారు?"

"ఆరు సార్లు."

"ఎన్నింటికి?"

"ఆఫీసు టైములోనే. పదిన్నర, పదకొండు."

"నీళ్లు వదిలేది?"

చక్రపాణి గొంతు సవరించుకుని అటువైపు తిరిగి జీపు డ్రైవరుని అనవసరంగా కోప్పడ్డాడు. రత్నమాలకి జాలేసింది. మంచివాడే, పొద్దున్నే లేవడం ఒక్కటే చేతకాదు.

రాజనర్సయ్య వచ్చి చావి తీసుకుని, రిజిస్టరులో సంతకం పెట్టి, దాన్ని భుజాన వేసుకుని రోడ్డు దాటబోయాడు. సన్నటి మనిషి, తలంతా నెరిసింది. అప్పుడే బేగంపేట వైపు నుంచి కాల్‌సెంటరు క్వాలిస్ ఒకటి దూసుకొచ్చింది. హారన్ మోగింది, మళ్లీ మోగింది, మూడోసారి ఆగకుండా మోగింది. రాజనర్సయ్య నడక మారలేదు. రత్నమాల రెండంగల్లో వెళ్లి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. బండి ఇద్దరి ముందునుంచి గాలి కొట్టుకుంటూ పోయింది.

బస్తీ మొగదల నిలబడ్డ లచ్చమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. చక్రపాణి ఇంకా డ్రైవరుతోనే ఉన్నాడు.

"గీ కార్లోళ్లు హారన్ సుత కొట్టరు మేడం" అని నవ్వాడు రాజనర్సయ్య.

అతను గుంత మీది మూత లేపుతుంటే రత్నమాల వెనక నిలబడి, "ఎన్నేళ్లయింది ఈ పనిలో చేరి?" అని మామూలు గొంతుతో అడిగింది. జవాబు లేదు. ముందుకొచ్చి అదే ప్రశ్న అడిగింది. అతను ఆవిడ పెదవులు చూసి, "ముప్పై ఏండ్లు మేడం" అన్నాడు.

అయిదూ ముప్పైకి చావి గుంతలోకి దిగింది. రాజనర్సయ్య నడుం వంచి, పైకి లెక్కపెడుతూ తిప్పాడు. అటూ ఇటూ కాకుండా సరిగ్గా ఇరవై రెండు చుట్లు. ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చుని చావి ఇనప కడ్డీకి చెవి ఆనించాడు. పాత వాల్వుమన్‌లందరూ చేసే పనే అది. కింద పైపులో నీళ్లు పరుగెత్తే చప్పుడు కడ్డీ పట్టుకుని పైకి వస్తుంది, చెవికి తెలిసిపోతుంది.

"పోతున్నాయా?"

"మంచిగ పోతున్నయ్ మేడం. ఇనొస్తుంది."

రత్నమాల చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, గుంత పక్కన కూర్చుని తన చెవి ఆనించింది. గలగల వినిపించింది. మనసులో పన్నెండు లెక్కపెట్టేసరికి ఆగిపోయింది. ఆ తర్వాత ఇనప కడ్డీలో ఏ చప్పుడూ లేదు.

రాజనర్సయ్య అబద్ధం ఆడాడు. అయితే అది దొంగ ఆడే అబద్ధం కాదని రత్నమాలకి అర్థమైంది. అతన్ని గోడ చాటుకి పిలిచి, గొంతు పైకి రాకుండా పెదవులు మాత్రం కదిపింది. "ఎప్పటినుంచి వినబడటం లేదు?"

అతని చూపు చక్రపాణి వైపు పరుగెత్తి తిరిగొచ్చింది. "పోయిన దసరా కెళ్లి."

"ఎవరెవరికి తెలుసు?"

"లచ్చికి ఒక్కదానికే. ఎవరికీ చెప్పనని నా నెత్తి మీద చెయ్యి పెట్టిచ్చిన."

"ఈ ఒక్క మాట చెబితే చాలయ్యా. నువ్వు వాల్వు తిప్పావు, నీళ్లు ముందుకి పోవడం లేదని నీకు తెలియలేదు. అంతే కదా జరిగింది!"

"వద్దు మేడం, మీ కాల్మొక్త. చెవితోని చేసే పని ఇది. చెవిటోడు ఇన్ని దినాలు మమ్ముల మోసం చేసిండంటరు. మూడు నెలలు. జర ఓపిక పట్టుండ్రి."

ఎంత చెప్పినా వినే రకం కాదు. రత్నమాలకి కోపమూ వచ్చింది, ఆ కోపంలోనే అతనంటే గౌరవమూ కలిగింది. సరే, ముందు నీళ్లు ఎక్కడ ఆగాయో చూద్దామనుకుంది. చప్పుడు పన్నెండు లెక్కలోపే ఆగింది కాబట్టి అడ్డం ఎక్కడో దగ్గర్లోనే ఉంది.

వాల్వు గుంత నుంచి బస్తీలోని మొదటి ఇంటి దాకా లైను ఒక పాత కాంపౌండు గోడ పక్కన పోతుంది. అక్కడ ఇళ్లు లేవు, నల్లాలు లేవు, మనుషులు నడిచేది గోడకి ఇవతల. రత్నమాల గొడుగు మొనతో నేల పొడుస్తూ నడిచింది. ఇరవై రోజుల కరువుకి మట్టి పిండిలా లేస్తోంది. బస్తీలో ఏ గడప ముందూ సానుపు లేదు. తాగడానికే లేని నీళ్లు వాకిట్లో ఎవరు చల్లుతారు?

నలభయ్యో అడుగు దగ్గర ఆవిడ ఆగింది. గోడ మొదట్లో చాపంత మేర పేడతో అలికి ఉంది. ఎండి అక్కడక్కడ బీటలిచ్చింది గాని, వారం పది రోజుల నాటి పనే. దాని మీద రెండు ముగ్గు గీతలు. తడి అలుకు మీద వేసిన ముగ్గు కావడంతో అతుక్కుపోయి ఇంకా తెల్లగా ఉంది.

గొడుగు మొనతో కొడితే బోలు చప్పుడొచ్చింది. కింద మూత ఉంది.

ఎవరో మూత తీసి, మళ్లీ పెట్టి, తవ్విన ఆనవాలు కనబడకుండా అలికేశారు. మగవాడైతే మట్టి కప్పి కాలితో తొక్కి పోయేవాడు. అలికినా, ముగ్గు పెట్టడం వాడి ఊహకి కూడా అందదు. తెలుగింటి ఆడదానికి మాత్రమే తెలుసు, ముగ్గు లేని అలుకు చావు జరిగిన ఇంటి ముందు ఉంటుందని. ఎంత తొందరలో ఉన్నా, ఎంత తప్పు పనిలో ఉన్నా ఆమె చెయ్యి అలా వదిలేసి రాలేదు. కనీసం రెండు గీతలైనా గీస్తుంది.

"రాజనర్సయ్యా, ఇలా రా" అని చేత్తో పిలిచింది.

అతను వచ్చి చూశాడు. ఆ గీతల్ని చూస్తూ అవసరమైన దానికంటే చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత చెప్పు విడిచి, అరికాలితో వాటిని మెల్లగా తుడిచేశాడు. ఆ తర్వాతే గడ్డపార అందుకున్నాడు. రత్నమాల టైము చూసి రాసుకుంది. అయిదూ యాభై రెండు.

"గీడ ఇంకొక వాల్వున్నది మేడం. పాతది. లైనేసిన నాడు పెట్టినం. తెరిచి ఇడిచిపెట్టినంక మట్టి పడ్డది. నేనే మరిచిన" అన్నాడు అతను, ఆవిడ ముఖం చూడకుండా.

రాతి పలక లేచింది. చావి దిగింది. ఇక్కడా ఇరవై రెండు చుట్లే. ఇరవయ్యో చుట్టుకి భూమిలోపల ఏదో పెద్దగా దగ్గింది. ఇరవై రెండో చుట్టుకి బస్తీలో ఎక్కడో ఒక నల్లా ఉమ్మేసి, ఎర్రనీళ్లు కక్కి, తెల్లగా దుమికింది.

"వచ్చినయో! నీళ్లొచ్చినయ్!"

ఆ కేక అరవై ఇళ్లనీ లేపింది. బకెట్లు, బిందెలు, గంజులు, చివరికి గిన్నెలు కూడా బయటికొచ్చాయి. ఒకాయన సగం గీసిన గడ్డంతో నల్లా కింద తల పెట్టాడు. భూలక్ష్మి తన బిందె వదిలేసి గోడ వారనున్న లచ్చమ్మ బిందె తెచ్చి, తన నల్లా కింద పెట్టి నింపింది. నింపి, దాన్ని లచ్చమ్మ చంకకెత్తి, "తప్పయింది అక్కా" అంది. లచ్చమ్మ ఆ బిందె మోస్తూ ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తోందని అందరూ అనుకున్నారు. రత్నమాల కూడా అలాగే అనుకుని కళ్లు తుడుచుకుంది. కేసు తేలిపోయినట్టే అనిపించి, ఫ్లాస్కులో కాఫీ కప్పులో పోసుకుంది.

ఆ కాఫీ తాగనివ్వలేదు చక్రపాణి.

"థాంక్స్ వదినా. నాకు దొరకని సాక్ష్యం మీరే తవ్వి ఇచ్చారు" అంటూ గుంతలోకి తొంగి చూశాడు. "ఈ వాల్వు మా మ్యాపులో లేదు. లైను వేసినవాళ్లకే తెలియాలి. అప్పుడు తవ్వకం గ్యాంగులో ఉన్నదెవరు రాజనర్సయ్యా?"

"నేనే సార్."

"పదిహేను దాకా చావి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గర్నే."

"విన్నారుగా. ఇది మూసేసి, అక్కడ వాల్వు తిప్పినట్టు నటించాడు. నీళ్లు ఆగి, ప్రెషరంతా హాస్టళ్ల వైపు తన్నింది."

"మరి పన్నెండున పెళ్లి రోజు వదిలాడే?"

"బస్తీ మనిషి కదా, మనసొప్పలేదు. అది కూడా నా కేసుకే బలం."

"ఇక్కడ అలికారు చక్రపాణీ. ముగ్గు వేశారు. నీ దొంగ చీర కట్టుకుని వచ్చాడా?"

"ఏ అలుకు? ఏ ముగ్గు?" అని చక్రపాణి నేల చూపించాడు. గడ్డపార దెబ్బకి అంతా పెళ్లలుగా లేచిపోయి ఉంది. "కోడిగుడ్డుకి ఈకలు పీకకండి వదినా. పన్నెండుకి రిపోర్టు ఇవ్వాలి. ఈయన్ని తీసుకెళ్తున్నా."

"ఈ ఆదివారం నా గడప తొక్కావంటే చూడు!"

"చేపల పులుసు క్యారేజీలో పంపించండి" అన్నాడు మరిది. జీపు ఏడూ అయిదుకి కదిలింది. వెనక సీట్లో రాజనర్సయ్య తలొంచుకుని కూర్చున్నాడు. పొద్దున గోడ చాటున తనతో అంత వాదించిన మనిషి, ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆ మౌనమే రత్నమాలని తొలిచింది. ముగ్గు గీతలు అతనికి ఏదో చెప్పాయి, అందుకే ముందు వాటిని తుడిచాడు. తనకి తెలియనిది అతనికేం తెలుసు? ఎనిమిదింటి నుంచి ఇల్లిల్లూ తిరిగి ఒకటే ప్రశ్న వేసింది. లైను తవ్విన రోజులు ఎవరికి గుర్తున్నాయి? తొమ్మిదిన్నరకి బస్తీ చివరింట్లో వజ్రమ్మ దొరికింది. ఎనభై దాటిన ముసలమ్మ, ఇరవై రోజుల తర్వాత తలంటుకుని ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటోంది.

"ఎందుకు యాది లేదు బిడ్డా! రాజనర్సయ్య అప్పుడు కూలోడు. గుంత తవ్వుతుండె. గా పాత వాల్వు కాడనే ఒక పిల్ల మట్టి తట్ట మోస్తుండె. తట్ట ఎత్తుమంటె ఈడు తట్ట ఇడిచి పిల్లను చూస్తుండె. మేస్త్రి తిట్టిండు. అందరం మస్తు నవ్వినం. గా యేడే లగ్గం అయింది."

"ఎవరా పిల్ల?"

"ఇంకెవరు, లచ్చి!"

రత్నమాల పెన్ను మూత పెట్టడం మరిచిపోయింది. పాత వాల్వు సంగతి ఆనాటి వాళ్లు కొందరికి తెలుసు. వాళ్లలో చావి ఇంట్లో అందుబాటులో ఉన్నవాళ్లు ఇద్దరే. ఇద్దరిలో ముగ్గు పెట్టే చెయ్యి ఒక్కటే. పైగా ఈ పన్నాగం పారాలంటే వాల్వుమన్‌కి చెవులు వినబడకూడదు. వినబడితే మొదటి రోజే పట్టేస్తాడు. అతనికి వినబడదని తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది.

పదీ నలభైకి తన ఆఫీసు మెట్లెక్కింది. లచ్చమ్మ రోజూలాగే నేల తుడుస్తోంది. మొగుడు జీపెక్కినా పనికి నాగా పెట్టలేదు. పెడితే అనుమానిస్తారని కాబోలు.

"కూర్చో లచ్చమ్మా."

"బండ తడిగున్నదమ్మా."

"తడిగా ఉన్నా సరే కూర్చో. ముగ్గు ఎందుకు పెట్టావు? అది లేకపోతే ఈ జన్మకి కనిపెట్టేదాన్ని కాదు."

లచ్చమ్మ చేతిలోని గుడ్డ బకెట్లో వేసింది. బుకాయించలేదు. చిన్నగా అంది. "గట్లెట్ల ఇడిచిపెడ్తనమ్మా? ఆయన దినాం గా గోడ ఇవతలి తొవ్వలనే పోతడు. ముగ్గు లేని అలుకు పక్క కెళ్లి పోతడా?"

ఆ తర్వాత అడగకుండానే అంతా వచ్చింది. దసరా నుంచి ఆయనకి వినబడదు. సంక్రాంతి ముందు ఒక క్వాలిస్ మోచేతికి తగిలిపోయింది. హోలీ నాడు ఇంకొకటి చావిని ఎగరగొట్టింది. డ్యూటీ మానుకొమ్మంటే మానడు, సార్లకి చెప్పనివ్వడు. నెత్తి మీద చెయ్యి పెట్టించుకున్నాడు, మాట తప్పితే ఆయనకేమైనా అవుతుందని భయం.

"నీళ్లు రాకుంటె బస్తోళ్లు కంప్లెంటు ఇస్తరు, ముసలోడైండని సార్లు ఆఫీసుల కూసోబెడ్తరు అనుకున్న. రెండు వంతులు ఆపుదామనుకున్న. పగటీలి ఎండకు అందరు పండుకున్నంక పోయి తిప్పొచ్చిన. నా చేతుల చావి ఉంటె ఎవరడుగుతరు, ఆయనకే ఇయ్యవోతున్ననుకుంటరు. భూలక్ష్మి బిడ్డ లగ్గానికి మనసొప్పలె, ఇప్పిన. తెల్లారి మళ్లా కట్టిన. గింతల దొంగ అన్నరు. తెరిచేద్దామంటె చావి ఆఫీసుకు పట్కపోయిండ్రు."

"మరి నన్నెందుకు పిలిచావే పిచ్చిదానా!"

"ఆయన దొంగ కాదని చెప్పుండ్రి అన్న గాని, దొంగను పట్టుకోమన్ననా అమ్మా?"

రత్నమాలకి నవ్వొచ్చింది. మొగుడి ప్రాణం కోసం బస్తీ మొత్తాన్ని ఎండబెట్టింది, తనూ ఎండింది. వెలేసిన బిందె చంకనేసుకుని ఇన్ని రోజులూ నోరు మెదపలేదు. దీన్ని తప్పనకుండా ఉండలేదు, తిట్టడానికి నోరూ రాదు.

"లే. చక్రపాణికి చెబుదువుగాని. వాడు పైకి అంతే, మనసు వెన్న."

"మరి నన్ను జైలుల పెడ్తరా?"

"పెడితే నా చేపల పులుసు మళ్లీ చూడడు" అంది రత్నమాల, ధైర్యం తనకీ కావాలి కనుక.

ఫోను చేస్తే చక్రపాణి నంబరు ఎంగేజ్. రోడ్డు మీద కోచింగ్ సెంటర్లన్నీ ఒకేసారి వదిలినట్టున్నారు, ఆటో కదలదు. చివరి ఫర్లాంగు ఇద్దరూ నడిచారు, నడక కాస్తా పరుగైంది. నీళ్ల ఆఫీసు మెట్లెక్కేసరికి పదకొండూ యాభై నాలుగు.

హాల్లో అయిదుగురు గుమాస్తాలు, ఒక అటెండరు. చివర బల్ల వెనక చక్రపాణి. అతనికి ఎదురుగా, గుమ్మానికి వీపు పెట్టి రాజనర్సయ్య కూర్చున్నాడు.

"వదినా, ఆయాసపడకండి" అని చక్రపాణి చెయ్యెత్తి కాగితం చూపించాడు. అతని ముఖంలో గెలిచిన సంతోషం లేదు. "సంతకం పెట్టేశాడు. నేనే మూశానని తనే చెప్పి రాయించాడు. అయిదు నిమిషాల్లో పైకి పంపిస్తున్నా."

గీతలు తుడిచిన అరికాలు రత్నమాల కళ్లముందు మెదిలింది. పొద్దున అయిదూ యాభై రెండుకే ఈ మనిషికి అంతా తెలుసు. డిటెక్టివుకంటే దాదాపు నాలుగు గంటలు ముందు తెలుసుకుని, ఏం చెయ్యాలో నిర్ణయించేసుకున్నాడు.

ఆవిడ ఏదో అనేలోపే లచ్చమ్మ గుమ్మంలోంచి అరిచింది. జీవితంలో ఎన్నడూ అంత గట్టిగా అరిచి ఉండదు.

"గా కాయిదం చింపుండ్రి సారూ! వాల్వు కట్టింది ఆయన కాదు, నేను!"

గుమాస్తాలు అయిదుగురూ గిరుక్కున తిరిగారు. అటెండరు చేతిలో టీ గ్లాసు బల్ల మీద ఒలికింది. చక్రపాణి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

రాజనర్సయ్య ఒక్కడే తిరగలేదు. అధికారి ఎందుకు లేచాడో అర్థం కాక, మర్యాదగా తనూ లేచి చేతులు కట్టుకున్నాడు.

"ఇగ లైనుకు సీలు వెయ్యరు గద సార్?" అని అడిగాడు. "ఎల్లుండి వంతుకు బస్తీకి నీళ్లిడుస్తరు గద?"

చక్రపాణి అతని ముఖం చూశాడు, గుమ్మంలో నిలబడ్డ లచ్చమ్మని చూశాడు, చివరికి వదినగారి వైపు తిరిగాడు. గడియారంలో ఇంకా మూడు నిమిషాలున్నాయి.

"ఈయనకి వినబడదా వదినా?" అన్నాడు.